మంచులో దీపం ఎవరికి?

హోసూరు ప్రాంతాల కాపురముంటున్న మనవాళ్ళకు మంచు సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారుజామున వాకిట ముగ్గు పెట్టే ఇల్లాలికి వీధి అవతలి గడప కనబడదు. ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున వున్నది. చుట్టూ చెరువులు, పక్కనే కెలవరపల్లి జలాశయం. రాత్రి ఆకాశంలో మబ్బు లేకపోతే నేల త్వరగా చల్లబడుతుంది. నేలను అంటుకొని వున్న తేమగాలి కూడా చల్లబడి సన్నని నీటిబిందువులై అక్కడే నిలిచిపోతుంది. గాలి వీచకపోతే ఎండ పొడిచేదాకా అది కదలదు. అరవంలో మంచును ‘పని’ అంటారు గదా. ‘పని’ వల్ల పనికి ఆలస్యమయిందని మా ఆఫీసులో రెండు భాషలూ కలిపి విన్నవించుకొన్నవాళ్ళం మేము. పెద్ద గుమాస్తాగారు నవ్వారే గాని హాజరుపట్టీలో ఎర్రగీత మాత్రం మానలేదు.

చూపు 1000 మీటర్లకంటె తక్కువ దూరం ఆనితే దానిని పొగమంచు అంటారు వాతావరణ శాఖవారు. 200 మీటర్ల లోపయితే దట్టమైన మంచు, 50 మీటర్ల లోపయితే అతి దట్టమైనది. మేము చెప్పబోయేది ఈ మూడవ రకంలో జరిగిన సంగతి.

2023 జనవరి చివర, మాఘమాసపు ముహూర్తం. రాయకోట దారిలో ఒక పల్లెలో మా దగ్గర చుట్టాల ఇంట పెళ్ళి. మా బావమరిది అప్పుడే కొన్న పాతకారులో అందరం ఎక్కాం. వెనుక సీటులో మా అమ్మ, మా ఆవిడ, పిల్లలిద్దరు. డిక్కీనిండా పళ్ళాలూ, పళ్ళబుట్టలూ, చదివింపుల సామానూ. ముందు సీటులో దారి చూపే పెద్దమనిషిగా మేము. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం. ఊరు దాటగానే మంచు కమ్ముకొన్నది. బావమరిది హెడ్‌లైటు కిందికి దించి, నెమ్మదిగానే పోనిస్తున్నాడు. “ఏమీ కనబడటం లేదు, బ్రైటు వెయ్యవయ్యా” అన్నది మేమే. పెద్దవాళ్ళ మాట కాదనలేక వేశాడు. వేసిన తరువాత మరీ కనబడలేదు. సున్నం కొట్టిన గోడ ఒకటి మా ముందే నడుస్తున్నట్టు వున్నది.

ఉద్దనపల్లి ఇంకా రాలేదు. ఎదురుగా గుడ్డి దీపం ఒకటి మసకగా తోచి, చప్పున ఎడంపక్కకు వాలిపోయింది. ఇనుప పాత్రలు దొర్లిన చప్పుడు. బండి ఆపి దిగి చూస్తే చింతచెట్టు పక్కన కాలువలో ఒక మోపెడ్, దాని పక్కన పాలక్యాన్లు, వాటి మధ్య పాలబ్బాయి. మోచేయి గీసుకుపోయింది. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. పాలన్నీ నేలపాలు. మేము చేయి పట్టి లేవదీస్తూ, “నువ్వు మాకు కనబడలేదు నాయనా” అన్నాం. అతడు మా పక్క పల్లెల తెలుగులోనే జవాబు చెప్పినాడు: “మీ లైటు నా మొగాన గుడ్డ కప్పినట్ల అయిందన్నా. రోడ్డు ఎక్కడుండాదో తెలీలేదు. నేను మీకూ అగపడలేదు, మీరు నాకూ అగపడలేదు. మరి ఆ లైటు ఎవురికన్నా?”

పాల ఖరీదు ఇచ్చాం. లెక్క చూసుకొని, ఎక్కువ వచ్చిన నోటు తిరిగి మా చేతిలో పెట్టి, ఖాళీ క్యాన్లు కట్టుకొని వెళ్ళిపోయాడు. ముహూర్తానికి అందుకొన్నామే గాని, పప్పూ అన్నం కలుపుకొంటున్నా ఆ ప్రశ్నే చెవిలో వున్నది.

తరువాత తీరుబాటుగా తెలిసినవాళ్ళను అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకొన్న సంగతులు పాఠకులకు మనవి చేస్తున్నాం. తెలిసినవారు మన్నించవలె.

ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడు లేచే ఆవిరిలోకి టార్చిలైటు వేసి చూడండి. అవతలి గోడ కనబడదు, ఆవిరే తెల్లగా మెరుస్తుంది. మంచు కూడా అంతే. బ్రైటు వెలుగు పైకీ దూరానికీ పోతుంది గనక మన కంటి ఎత్తునే వున్న లక్షల బిందువులకు తగిలి తిరిగి మన కంట్లోనే పడుతుంది. వెలుగు ఎంత పెంచితే గోడ అంత తెల్లనవుతుంది. డిమ్ము వేస్తే వెలుగు రోడ్డుమీదికి వంగుతుంది. చూపు దూరం ఆనకపోయినా దగ్గరి గీత, గుంట తెలుస్తాయి. పసుపు దీపం మంచును చీల్చుకుపోతుందని చాలామంది నమ్మకం. మంచుబిందువు కాంతి తరంగంకంటె ఎన్నో రెట్లు పెద్దది గనక రంగువల్ల చెప్పుకోదగ్గ తేడా రాదు. ఫాగ్‌లైటు పనికివచ్చేది అది కింద బంపరు దగ్గర వుండి, వెలుగును పైకి లేవనీయక వెడల్పుగా పరచడంవల్ల. అట్టి దీపాన్ని మంచు లేని రాత్రి బజారులో వెలిగించుకొని తిరిగేవారిని చూస్తే మాకు పట్టపగలు గొడుగులో దీపం పెట్టుకొన్నవాడు గుర్తుకు వస్తాడు.

వేగం లెక్క కూడా చూద్దాం. గుమాస్తాలం గనక అంకెలు లేకపోతే మాకు తోచదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఆపదను చూసి కాలు బ్రేకు మీదికి పోయేసరికి సెకనున్నర, అంటే 25 మీటర్లు గడిచిపోతాయి. పొడిరోడ్డు మీద బండి నిలవడానికి మరో 20 మీటర్లు. మంచు పడి తడిసిన రోడ్డయితే ఇంకా ఎక్కువ. చూపు ఆనేది 50 మీటర్లు! ఎదుటివాడూ అంతే వేగంతో వస్తుంటే ఆ యాభైని ఇద్దరం పంచుకోవలె. అదే గంటకు 30 అయితే పొడిరోడ్డు మీద 20 మీటర్ల లోపే నిలుస్తుంది. ఏ దీపమూ ఈ లెక్కను మార్చలేదు.

ఇక చట్టం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 105వది దీపాల గురించి. పొద్దుగుంకిన అరగంట తరువాతనే కాదు, వెలుతురు చాలని ఏ వేళనయినా దీపాలు వెలిగించవలెనని దానిలో వున్నది. ముందు దీపం 155 మీటర్ల దూరాన వున్న మనిషిని పోల్చేటట్టు వుండవలె. వెనుక ఎర్రదీపం 155 మీటర్ల నుంచి కనబడవలె. వెనుక నంబరు 15 మీటర్ల నుంచి చదవడానికి వీలుగా దానికి తెల్లదీపం వుండవలె. 106వ నిబంధన మరీ ముచ్చటయినది. దీపానికి ముందు 8 మీటర్ల దూరాన, అరమీటరు కుడిపక్కగా, నేలకు మీటరున్నర ఎత్తున ఒక కన్ను వున్నదనుకొని, ఆ కన్ను చెదరకుండా వెలుగు కిందికి వంగి వుండవలెనంటుంది. మీటరున్నర ఎత్తు అంటే మోపెడ్ మీద కూర్చొన్న మా పాలబ్బాయి కన్ను ఇంచుమించు అక్కడే వుంటుంది. కాగితంమీద ఆ కంటిని తలచుకొన్నవాడెవరో గాని అతడికి నమస్కారం. ఇటువంటివి తప్పితే మోటారు వాహనాల చట్టం 177వ సెక్షను కింద, 2019 సవరణ తరువాత, మొదటిసారి 500 రూపాయలదాకా, ఆపైన 1500 దాకా జరిమానా. మా నాన్నగారు సైకిలుకు దీపం లేదని ఒక పోలీసుచేత రెండు చక్రాలకూ గాలి తీయించుకొని నాలుగు మైళ్ళు నడిచి వచ్చిన కథ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకొంటారు. ఆ రోజుల్లో గుడ్డి చమురుదీపమయినా లేనిదే సైకిలు కదలకూడదు.

ఆ పాత దీపంతో సవారీ చేసేవాడు ఏమి చూసేవాడో గాని, ఊరికి తాను కనబడేవాడు. మనం మరచిపోతున్నది దీన్నే. ఈమధ్య కార్లకు పగలే ముందు వెలిగే సన్నని తెల్లదీపాలు వస్తున్నవి. తాళం తిప్పగానే అవి వెలుగుతాయి గనక లైట్లు వేసే వున్నవని నడిపేవాడి భ్రమ. చాలా కార్లలో వాటితోపాటు వెనుక ఎర్రదీపాలు వెలగవు. మంచులో వెనుకనుంచి వచ్చేవాడికి ఆ కారు లేనట్టే. చేత్తో మీట తిప్పి హెడ్‌లైటు వేస్తేనే వెనుక ఎర్రదీపం వెలుగుతుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే మోటారుసైకిళ్ళకూ స్కూటర్లకూ హెడ్‌లైటు దానంతటదే వెలిగే ఏర్పాటు వచ్చింది. పగలు లైటు వేసుకొని పోతున్నాడని చేత్తో సైగచేసి చెప్పే పరోపకారులు మాత్రం ఇంకా తగ్గలేదు.

నాలుగు ఇండికేటర్లూ ఒక్కసారి మిణుకుమనే ఎర్ర త్రికోణపు మీట ఒకటి వుంటుంది చూశారూ, మంచు పడినా వాన పడినా దాన్ని నొక్కుకొని పోవడం మనవాళ్ళకు మర్యాదగా మారింది. అది చెడిపోయి దారిలో నిలిచిన బండికోసం పెట్టినది. నడిచే బండిలో వేస్తే వెనుకవాడికి మనం నిలిచి వున్నామో పోతున్నామో తెలియదు. పైగా కుడికి తిరగదలచుకొన్నా ఆ సంగతి చెప్పే దీపం మనకు మిగలదు. నిజంగా నిలిచిపోయిన లారీ మాత్రం ఏ దీపమూ లేకుండా, వెనుక రెండు రాళ్ళు పెట్టుకొని నిద్రపోతుంటుంది! టమాటా బుట్టలు ఎక్కించుకొన్న ట్రాక్టరు ట్రాలీలు సరేసరి. దానికి బల్బు వుంటే తీగ వుండదు, తీగ వుంటే బల్బు పగిలి వుంటుంది. సేద్యం చేసుకొంటున్న మన బంధువులు ఈ మాటకు కోపగించుకోవద్దు. ఎర్రగా మెరిసే పట్టీ నాలుగు మూరలు వెనుక అంటించడానికి ఒక బుట్ట టమాటా ఖరీదు కాదు.

మా తప్పులో ఇంకొక భాగం మెకానిక్కు చెబితేగాని తెలియలేదు. వెనుక నలుగురు కూర్చొని డిక్కీ నింపితే బండి తోక కుంగి ముక్కు లేస్తుంది. డిమ్ము వేసినా వెలుగు ఎదుటివాడి మొహానికే పోతుంది. చాలా కార్లలో స్టీరింగు పక్కన సున్న నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం వుంటుంది. బరువు పెరిగినకొద్దీ అంకె పెంచితే దీపం కిందికి వంగుతుంది. పెళ్ళిళ్ళకూ తిరుపతికీ పోయే కుటుంబాలు దీన్ని గుర్తుంచుకోవలె. మా బావమరిది అది రేడియోకు సంబంధించినదనుకొన్నాడట. ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు: చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరాన బండి నిలిపి డిమ్ము వేస్తే, వెలుగు పై అంచు దీపం ఎత్తుకంటె దాదాపు 10 సెంటీమీటర్లు కిందుగా పడవలె. అంతకు పైన పడితే మెకానిక్కు చేత దించించండి. ఇక బజారులో దొరికే నూరు వాట్ల బల్బులూ, పాత దీపంలో ఇరికించే ఎల్ఈడీలూ మాని కంపెనీవారు పెట్టిన బల్బుతో సరిపెట్టుకోవడం మేలు. వాటి వెలుగు గతితప్పి నలువైపులా చిమ్ముతుంది.

వయసు మీరిన కళ్ళ సంగతి మా అమ్మ చెప్పింది. ఎదురు వెలుగు పడితే మామూలు చూపు తిరిగి రావడానికి తనకు చాలాసేపు పడుతుందట. మూడే సెకన్లు అనుకొందాం. గంటకు 50 వేగంతో పోయేవాడు ఆ మూడు సెకన్లలో 40 మీటర్లకు పైగా గుడ్డివాడయి పోతాడు. అటువంటప్పుడు ఎదుటి దీపం వంక చూడక రోడ్డు ఎడమ అంచు గీత పట్టుకొని, వేగం తగ్గించి పోవడమొక్కటే దారి. అతడు బ్రైటు వేశాడని మనమూ కోపంతో బ్రైటు వేస్తే రోడ్డుమీద ఇద్దరు గుడ్డివాళ్ళు తయారవుతారు.

పెళ్ళి ముగించుకొని ఆ రాత్రి అదే దారిలో తిరిగి వచ్చాం. చక్రం మీద అంకె రెండుకు తిప్పి, ఎదురు బండి కనబడ్డప్పుడల్లా బావమరిది డిమ్ము చేస్తూ వచ్చాడు. ఎదుటివాళ్ళు ఎందరు చేస్తారో చూద్దామని పిల్లలు లెక్కకు కూర్చొన్నారు. చింతచెట్టు దగ్గర మా అమ్మ కారు ఆపించి, కాలువలోకి తొంగి చూసి, ఏమీ లేదని ఎక్కింది. ఇల్లు చేరేసరికి పిల్లల లెక్కలో ముప్పయ్యొక్క బండ్లు. డిమ్ము చేసినవి తొమ్మిది. వాటిలో రెండు టమాటా లారీలు.