పాత ఫ్యామిలీ బండిలో సీటుబెల్టు పట్టేసిందా? హీటర్ చల్లగాలి కొడుతోందా?

సింహాద్రిపురం చుట్టుపక్కల చీనీ తోటల దారుల్లో తిరిగిన పాత స్కార్పియోనో, ఇన్నోవానో మీ ఇంట్లో ఉందా? వెనక సీటుబెల్టు ఒకసారి లాగి చూడండి. రాకపోతే చాలామంది అట్లే వదిలేస్తారు. 2022 సెప్టెంబరు 4న కారు ప్రమాదంలో చనిపోయిన సైరస్ మిస్త్రీ కూర్చున్నది వెనక సీట్లోనే. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు.

బెల్టు రాలేదని గట్టిగా గుంజొద్దు. దాని చుట్టలో లాక్ ఉంటుంది. జర్కు తగిలినా, బండి వాలులో ఉన్నా పట్టేస్తుంది. చదునైన చోట ఆపి, బెల్టును కొంచెం లోపలికి వదిలి, మెల్లగా లాగండి. వచ్చాక మొత్తం బయటికి తీసి, వెనక్కి పోకుండా క్లిప్పు పెట్టి, సబ్బునీళ్ల గుడ్డతో దుమ్ము తుడవండి. పూర్తిగా ఆరాకే లోపలికి వదలండి. ఆయిలు, పెట్రోలు పూయొద్దు. చుట్టను మీరే విప్పొద్దు. చివరగా ఒక్కసారి జర్కు ఇచ్చి లాగితే లాక్ పడాలి. పడకపోయినా, పోగులు లేచినా కొత్త బెల్టు వేయించాల్సిందే.

ఇక హీటర్. మన ఎండలకు దాంతో ఏం పని అంటారా? ఇంజను వేడెక్కినా హీటర్ చల్లగాలే ఇస్తుంటే కూలెంట్ తగ్గి ఉండొచ్చు. అట్లే నడిపితే ఇంజనుకే దెబ్బ. ఇంజను బాగా చల్లారాకే రేడియేటర్ మూత తీసి చూడండి. కూలెంట్ సరిపడా ఉంటే, థర్మోస్టాట్ చూడమని మెకానిక్‌కు చెప్పండి.

ఊరికి బయల్దేరే ముందు అన్ని బెల్టులూ లాగి చూడండి, వెనకవి కూడా!