సాగే పైపుకు కుళాయి పక్కన చోటు

తోటకు నీళ్లు పెట్టడానికి సాగే పైపు ఈమధ్య చాలా ఇళ్లలోకి వచ్చింది. కొనేటప్పుడు రెండు చేతుల్లో ఇమిడే చిన్న చుట్ట. కుళాయికి బిగించి నీళ్లు వదిలితే మూడింతలు పొడవవుతుంది, కట్టేసి నీళ్లు బయటికి పోనిస్తే తనంతట తానే ముడుచుకుంటుంది. ఒక్క వేసవికే పగిలిపోయిందన్న మాట కూడా దీని గురించే ఎక్కువగా వింటాం. నాసిరకం సరుకు ఒక కారణం, కాదనలేం. కానీ ఈ పైపు రోజులో అరగంట పనిచేస్తే గొప్ప. మిగతా ఇరవై మూడున్నర గంటలూ కుళాయి పక్కనే ఏదో ఒక స్థితిలో పడి ఉంటుంది. అది ఎన్నాళ్లు మన్నుతుందన్నది చాలావరకు ఆ గంటల్లోనే తేలిపోతుంది. కాబట్టి పైపును సర్దిపెట్టడం ఇంటి ముందు అందంగా కనిపించడం కోసమే అనుకోకూడదు.

ముందు దీని లోపల ఏముందో చూడాలి. లోపల సన్నని రబ్బరు గొట్టం, బయట నేసిన పాలియెస్టర్ గుడ్డ తొడుగు. రెండు కొసల దగ్గర తప్ప ఈ రెండూ ఎక్కడా అతుక్కుని ఉండవు. గొట్టం కంటే తొడుగు చాలా పొడవు, అందుకే నీళ్లు లేనప్పుడు తొడుగంతా చీర కుచ్చిళ్లలా ముడుచుకుని కనిపిస్తుంది. నాజిల్ మూసి కుళాయి తిప్పితే లోపల ఒత్తిడి పెరిగి గొట్టం లావుగా, పొడవుగా సాగుతూ పోతుంది. తొడుగు బిగిసిన చోట ఆగిపోతుంది. అంటే ఎంతవరకు సాగాలో హద్దు పెట్టేది గుడ్డ, మళ్లీ వెనక్కి లాగేది రబ్బరు. ఫ్లోరిడాకు చెందిన మైకేల్ బెరార్డి ఇలాంటి పైపుకు 2012లో అమెరికా పేటెంటు పొందాడు. ఎక్స్‌హోస్ పేరుతో అది టీవీ ప్రకటనల ద్వారా అమ్ముడుపోయింది. దానికి పోటీగా టెలిబ్రాండ్స్ కంపెనీ పాకెట్ హోస్‌ను తెచ్చింది, పేటెంటు గొడవలు ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచాయి. ఇప్పుడు మన బజారులో దొరికే రకరకాల పేర్ల సాగే పైపులన్నీ ఇంచుమించు ఇదే కట్టడంతో వస్తున్నాయి. డబ్బా మీద 50 అడుగులని ఉంటే, ముడుచుకున్నప్పుడు అది సుమారు 17 అడుగులే.

ఇక అసలు విషయం. రబ్బరుకు పెద్ద శత్రువు గాలిలోనే ఉంది. మనం పీల్చే గాలిలో అతి కొద్దిగా ఓజోన్ ఉంటుంది. సహజ రబ్బరు అణువుల్లోని జంట బంధాలను అది తెంపేస్తుంది. రబ్బరు సాగకుండా వదులుగా ఉన్నప్పుడు ఈ నష్టం పైపొరతో ఆగిపోతుంది. అదే రబ్బరును లాగి పట్టి ఉంచితే, బంధాలు తెగిన చోట సన్నని పగులు పడి, లాగుడుకు అడ్డంగా నోరు తెరుచుకుంటుంది. దాంతో లోపలి తాజా రబ్బరు బయటపడుతుంది. ఓజోన్ దాన్నీ తాకుతుంది, పగులు ఇంకా లోతుకు దిగుతుంది. సైకిలు ట్యూబు ముక్కతో గట్టిగా బిగించి కట్టిన కట్టును కొన్ని నెలల తర్వాత గమనించండి. బాగా సాగిన చోట అడ్డంగా గీతలు పడి ఉంటాయి, వదులుగా వేలాడే కొస మాత్రం చాలావరకు బాగానే ఉంటుంది. ఒకే ట్యూబు, ఒకే ఎండ, ఒకే గాలి. లాగి ఉంచడం ఒక్కటే తేడా.

సాగే పైపు నిండుగా నీళ్లతో ఉన్నంతసేపూ లోపలి గొట్టం లాగి ఉంచిన రబ్బరే. నీళ్లు పెట్టడం అయ్యాక చాలామంది నాజిల్ మాత్రం మూసి, పైపును పాదుల పక్కనే వదిలి వెళ్తారు. కుళాయి తెరిచే ఉంటుంది, రేపు మళ్లీ తిప్పే పని తప్పుతుందని. ఆ రాత్రంతా గొట్టం పూర్తిగా సాగి, ఒత్తిడి మోస్తూ ఉంటుంది. తెల్లారాక ఎండ తగిలి రబ్బరు వేడెక్కి మెత్తబడుతుంది. ఇలా సీజనంతా జరిగితే ఏదో ఒక రోజు కప్లింగ్ దగ్గరో, తొడుగు నలిగిన చోటో గొట్టం పగులుతుంది. ఇంట్లో ప్రెషర్ పంపు ఉంటే ఇంకో చిక్కు కూడా ఉంది. పైపులో చుక్క చుక్కగా కారే లీకు చాలు, అర్ధరాత్రి ఎవరూ నీళ్లు వాడకపోయినా పంపు ఆన్ అవుతూ ఆగుతూ ఉంటుంది.

అందుకే కొక్కెం కొనడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. కుళాయి కట్టేయాలి. ఆ తర్వాత నాజిల్ తెరిచి, మిగిలిన నీళ్లన్నీ ఏ మొక్క మొదట్లోనో పోనివ్వాలి. రబ్బరు ముడుచుకుంటూ నీళ్లను తనే బయటికి నెడుతుంది, మనం పిండాల్సిన పని లేదు. చివర మిగిలే కాసిని నీళ్ల కోసం కుళాయి వైపు నుంచి పైపును చేతులతో ఎత్తి పట్టుకుని, నాజిల్ వైపు నడిస్తే సరిపోతుంది. వీలైతే నాజిల్ విప్పేయడం ఇంకా మంచిది, నీళ్లు త్వరగా దిగిపోతాయి. ఇంత చేసి పైపును మామూలు మేకుకు తగిలించినా, ఖరీదైన స్టాండు మీద నీళ్లతో సహా చుట్టిపెట్టిన పైపు కంటే ఎక్కువ కాలం మన్నుతుందనే నా నమ్మకం.

అయినా మేకు మంచిది కాదు. సన్నని మేకు మీద బరువంతా ఒక్క చోటే పడుతుంది, అక్కడ తొడుగు నలిగి లోపలి గొట్టం మడత పడుతుంది. కింద వెడల్పుగా, గుండ్రంగా ఆనుకునే ఆధారం కావాలి. బజారులో దొరికే ఇనుప హోస్ హ్యాంగర్లు ఆ ఆకారంలోనే ఉంటాయి. కొనకుండా ఇంట్లో చేసుకునే దారీ ఉంది. డ్రైనేజీకి వాడే 110 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ముక్క దాదాపు ప్రతి ప్లంబరు దగ్గరా మిగిలి ఉంటుంది. దాని ఎండ్ క్యాప్‌ను గోడకు ప్లగ్గులు, స్క్రూలతో బిగించి, అందులో జానెడు గొట్టం దూర్చి, బయటి కొసకు ఒక కప్లర్ తొడిగితే పైపు జారిపోకుండా అంచు ఏర్పడుతుంది. ఖాళీ పైపు బరువు తక్కువే కాబట్టి అది హాయిగా మోస్తుంది. ముడుచుకున్న 17 అడుగుల పైపు దాని మీద ఐదారు చుట్లకు సరిపోతుంది. చుట్లు వదులుగా ఉండాలి. పీవీసీ పైపును చక్రానికి బిగించి చుట్టినట్టు దీన్ని చుట్టకూడదు. తిప్పే పిడి ఉన్న హోస్ రీల్ దీనికి పనికిరాదు, ఎందుకంటే చుట్టేటప్పుడు లాగాల్సి వస్తుంది, లాగితే రబ్బరు సాగి అలాగే బిగిసి ఉండిపోతుంది.

ఆధారాన్ని కుళాయికి సరిగ్గా కింద పెట్టొద్దు. ఒక మూర పక్కకు, నడుము ఎత్తులో పెడితే పైపు కప్లింగ్ దగ్గర మెత్తగా వంపు తిరిగి వస్తుంది. ఈ పైపులు ఎక్కువగా పగిలేది కప్లింగ్‌ను ఆనుకున్న బెత్తెడు మేరలోనే. అక్కడ గట్టి లోహమూ మెత్తని గొట్టమూ కలుస్తాయి, ప్రతి వంపూ ఆ ఒక్క చోటే పడుతుంది. కుళాయికి ఒక ఎల్బో బిగించి నోరు కిందికి తిరిగేలా చేస్తే ఆ భారం బాగా తగ్గుతుంది. చుట్ట మొత్తాన్ని కుళాయి మెడకే తగిలించే అలవాటు మాత్రం మానుకోవాలి. ఈ రోజుల్లో పెరటి కుళాయిలు చాలావరకు పీటీఎంటీ ప్లాస్టిక్‌వి. రోజూ లాగుడు పడితే గోడలోని మరల దగ్గర వదులై కారడం మొదలవుతుంది, కొన్నిసార్లు మెడ దగ్గరే విరిగిపోతుంది.

ఏ గోడ మంచిదన్నది మన ప్రాంతంలో కొంచెం ఆలోచించాల్సిన విషయం. పడమటి గోడ అస్సలు వద్దు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండ నేరుగా తగులుతుంది, ఆ గోడ కాలి రాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఉత్తరపు గోడకు ఎండే రాదనుకుంటాం గానీ, అది పూర్తిగా నిజం కాదు. హైదరాబాదులో మే రెండో వారం దగ్గర ఒకసారి, ఆగస్టు మొదటి రోజుల్లో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెంటి మధ్య రోజుల్లో కాస్త ఉత్తరానికి జరిగి ఉంటాడు. అయితే అప్పుడు ఎండ దాదాపు నిలువుగా పడుతుంది కాబట్టి, కిటికీ మీది సజ్జ లాంటిది రెండడుగులు ముందుకు ఉన్నా మధ్యాహ్నపు ఎండ గోడకు తగలదు. సజ్జ కింద ఉత్తరపు గోడ, అది కుదరకపోతే తూర్పు గోడ. కుళాయి పడమటి వైపే ఉన్న ఇళ్లలో పైపును విప్పి లోపలికి తీసుకెళ్లడమే మేలు. ఖాళీ అయ్యాక అది చేతిసంచిలో పట్టేస్తుంది, ఈ పైపుతో ఉన్న పెద్ద సుఖమే అది.

గోడకు కొట్టడం ఇష్టంలేనివాళ్లు కుండీలోనో బుట్టలోనో పెట్టుకోవచ్చు. నాకు వెదురు బుట్ట నచ్చుతుంది, గాలి ఆడుతుంది, తొడుగు తొందరగా ఆరుతుంది. మట్టి కుండీ అయితే అడుగున రంధ్రం తప్పనిసరి, దాన్ని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టాలి. ప్లాస్టిక్ బకెట్టుకు అడుగున నాలుగైదు బెజ్జాలు వేయకుండా వాడొద్దు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం డెంగీ. డెంగీని మోసే ఏడిస్ దోమకు చెరువులూ కాలువలూ అక్కర్లేదు, బకెట్టు అడుగున నిలిచిన రెండు గరిటెల తేట నీళ్లు చాలు. గుడ్డు నుంచి దోమగా ఎగిరేందుకు మన వాతావరణంలో వారం, పది రోజులు పడుతుంది. నీళ్లు ఎండిపోయినా గోడలకు అంటిన గుడ్లు నెలల తరబడి చావవు, మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి. అందుకే వారానికోసారి డ్రై డే పాటించినప్పుడు పూలకుండీల పళ్లేలతో పాటు ఈ పైపు పెట్టే పాత్రను కూడా వంచి, లోపల గట్టిగా రుద్ది కడగాలి. నేల మీద చుట్ట వదిలేయకపోవడానికి ఎలుకలూ పందికొక్కులూ ఇంకో కారణం. గుడ్డనూ మెత్తని రబ్బరునూ కొరకడం వాటికి చిటికెలో పని. ఇది పీవీసీ పైపు కాదు, మధ్యలో చిల్లి పడితే కోసి అతికించుకునే వీలు దాదాపు ఉండదు.

ఇంత జాగ్రత్త చేసే ముందు, అసలు ఈ పైపు మీ ఇంటికి తగినదేనా అని చూసుకోవాలి. అమెరికా ఊళ్లలో ఇంటికి వచ్చే నీటి ఒత్తిడి సాధారణంగా మూడు నుంచి ఐదున్నర బార్ల దాకా ఉంటుంది, ఈ పైపును దాన్ని దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. పూర్తి పొడవు సాగాలంటే మూడు బార్లు ఉండాలని చాలా డబ్బాల మీద రాసి ఉంటుంది. మన దగ్గర నీళ్లు మిద్దె మీది ట్యాంకు నుంచి వాటి బరువుతో అవే దిగుతాయి. పది మీటర్ల ఎత్తుకు ఒక బారు లెక్క. ఒక్క అంతస్తు ఇంట్లో ట్యాంకు నీటి మట్టం పెరటి కుళాయికి నాలుగు మీటర్ల పైన ఉంటే ఒత్తిడి 0.4 బార్లే. ఐదంతస్తుల అపార్టుమెంటులో నేల మీది కుళాయికి రెండు బార్ల దగ్గరకు రావచ్చు. అదే మిద్దె తోటలో, ట్యాంకు పక్కనే ఉన్న కుళాయికి 0.1 బారు ఉంటే ఎక్కువ. అక్కడ సాగే పైపు సాగనే సాగదు, సన్నని గొట్టంలోంచి నీళ్లు ధారగా కూడా రావు. ప్రెషర్ పంపు లేని మిద్దె తోటలకు పాత ఆకుపచ్చ పీవీసీ పైపే సరైనదని నిస్సంకోచంగా చెబుతాను. అది లావుగా ఉండటం వల్ల తక్కువ ఒత్తిడిలోనూ నీళ్లు బాగా పోతాయి. దాన్ని చుట్టేటప్పుడు ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు చేతిని తిరగేసి లోపలి నుంచి వేస్తే మెలికలు పడవు. ఒకే వైపు వేసే ప్రతి చుట్టూ పైపులో ఒక మెలికను మిగులుస్తుంది, తిరగేసిన చుట్టు దాన్ని విప్పేస్తుంది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన సాగే పైపు ఇక్కడి కుళాయికి కారుతోందంటే తప్పు పైపుది కాదు, మరలది. అక్కడి గార్డెన్ పైపు మరలో అంగుళానికి పదకొండున్నర చుట్లు ఉంటాయి, మన ముప్పావు అంగుళం మరలో పద్నాలుగు. వ్యాసం దగ్గర దగ్గరగా ఉండటంతో మొదటి రెండు చుట్లు ఎక్కి, ఆ తర్వాత బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే ప్లాస్టిక్ మర చెడిపోతుంది. టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా లాభం లేదు, సరైన అడాప్టర్ వేసుకోవాలి.

ఇక అక్కడే ఇళ్లు కొనుక్కుని పెరట్లో గోంగూర, బీర, ఆనప పెంచుతున్న మనవాళ్లకు చలికాలం అసలు పరీక్ష. న్యూజెర్సీ, షికాగో లాంటి చోట్ల దీపావళి నాటికే పైపు విప్పి, నీళ్లు దించి, ఆరబెట్టి గ్యారేజీలో పెట్టేయాలి. లోపల మిగిలిన నీళ్లు గడ్డకడితే పైపు పగులుతుంది, అది చిన్న నష్టం. అక్కడి గోడ కుళాయిలు చాలావాటికి నీళ్లు ఆపే వాల్వు బయట ఉండదు, గోడ లోపల వెచ్చగా ఉండే భాగంలో ఉంటుంది. కుళాయి కట్టగానే ముందు భాగంలోని నీళ్లు బయటికి కారిపోయి, గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. పైపు బిగించే ఉంటే ఆ నీళ్లు పోయే దారి మూసుకుపోతుంది, అవి అక్కడే గడ్డకట్టి రాగి గొట్టాన్ని గోడ లోపలే చీలుస్తాయి. ఆ సంగతి చలికాలమంతా తెలియదు. మళ్లీ మొక్కలకు నీళ్లు పెడదామని వసంతంలో కుళాయి తిప్పినప్పుడు గోడ లోపల నీళ్లు కారడం మొదలవుతుంది. డల్లాస్ వైపు ఉన్నవాళ్లకు ఇంత చలి మామూలుగా ఉండదు గానీ, 2021 ఫిబ్రవరి చలికి టెక్సాస్‌లో ఎన్నో ఇళ్ల గొట్టాలు పగిలాయి కాబట్టి, గడ్డకట్టే రాత్రి వస్తుందని వాతావరణ సూచన చూసిన రోజే పైపు విప్పి, కుళాయికి నురగ తొడుగు వేసుకోవాలి.