ల్యాప్‌టాప్ హాట్‌స్పాటు: కనబడియు కలియకుండుట ఏల?

శ్రీహరికోట నుండి పైకెగసిన రాకెట్టు తన లోపలి పీడనము, ఉష్ణోగ్రత, త్వరణము మొదలైన కొలతలను ఎడతెగక రేడియో తరంగముల ద్వారా నేలకు పంపుచుండును. దీనిని టెలిమెట్రీ అందురు. ఇందుకు మన ప్రయోగవాహనములు వాడునవి 2200 మొదలు 2290 మెగాహెర్ట్జుల వరకు గల పౌనఃపున్యములు. మన ఇండ్లలోని వైఫై వాడు పౌనఃపున్యములలో ఒక పట్టీ 2400 మెగాహెర్ట్జుల వద్ద మొదలగును. రెండును ఇరుగుపొరుగులే. రెండింటి తరంగదైర్ఘ్యములును 12, 14 సెంటీమీటర్ల నడుమనే ఉండును. అయినను వందల కిలోమీటర్ల దూరమున పోవుచున్న రాకెట్టు మాట నేలపై ఏంటెన్నాకు వినబడుచుండగా, ఒకే బల్లమీద ఉన్న సెల్‌ఫోను ల్యాప్‌టాప్ హాట్‌స్పాటులో చేరలేక తంటాలు పడుచుండును. ఇది వింత కాదా?

వింత కాదు. రాకెట్టు చెప్పుచుండును, నేలపై ఉన్న పెద్ద ఏంటెన్నా వినుచుండును. టెలిమెట్రీకి అంతమాత్రము చాలును. హాట్‌స్పాటులో చేరుట అట్టిది కాదు. అది ఇరువురి నడుమ జరుగు ఒప్పందము. ఒకరు పిలువవలెను, మరియొకరు పలుకవలెను, గుర్తు చెప్పవలెను, చోటు పొందవలెను. వీనిలో ఏ ఒక్కటి తప్పినను మనకు తెరపై కనబడునది ఒక్కటే మాట: "చేరుట సాధ్యము కాలేదు". కావున లోపమును వెదకువారు మొదట తెలిసికొనవలసినది ఒప్పందము ఏ మెట్టు వద్ద ఆగినదన్న సంగతి.

మొదటి మెట్టు: చాటింపు

హాట్‌స్పాటు అనగా ల్యాప్‌టాప్ తనకు లభించిన ఇంటర్నెట్టును వైఫై ద్వారా ఇతర పరికరములకు పంచిపెట్టు ఏర్పాటు. దీనిని తెరచిన వెంటనే ల్యాప్‌టాప్ తన పేరును సెకనుకు సుమారు పది పర్యాయములు చాటుచుండును. సెల్‌ఫోను ఆ చాటింపును విని, పేరును తన జాబితాలో చూపును.

పేరే కనబడనిచో లోపము ఇచ్చటనే ఉన్నది. దీనికి తరచుగా కలుగు కారణము పౌనఃపున్యపు పట్టీ. వైఫైకి 2400 మెగాహెర్ట్జుల పట్టీయే గాక 5000 మెగాహెర్ట్జులకు పైబడిన పట్టీ కూడ కలదు. ల్యాప్‌టాప్ ఈ రెండవ దానిలో చాటుచుండగా మొదటి దానిని మాత్రమే వినగల పాత ఫోను ప్రక్కనే ఉన్నను దానికి ఏమియు వినబడదు. పైగా చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై రేడియో ఒక్కటే ఉండును. అది ఒక చేత్తో ఇంటర్నెట్టును పుచ్చుకొనుచు, రెండవ చేత్తో పంచవలెను. అందుచేత తాను ఏ పట్టీలో పుచ్చుకొనుచున్నదో ఆ పట్టీలోనే పంచుటకు మొగ్గుచూపును. విండోస్ యంత్రములలో మొబైల్ హాట్‌స్పాట్ అమరికలకు పోయి, పట్టీని 2.4 గిగాహెర్ట్జులకు మార్చినచో ఈ చిక్కు సాధారణముగా తీరును.

మరియొక కారణము కూడ ఉన్నది. విద్యుత్తును ఆదా చేయుటకై, ఎవరును చేరకున్నచో హాట్‌స్పాటు కొంతసేపటికి తనంతట తానే ఆగిపోవు అమరిక విండోస్‌లో కలదు. పాఠమునకు ముందు తెరచి ఉంచినది పిల్లలు వచ్చుసరికి మూతపడి ఉండవచ్చును.

రెండవ మెట్టు: గుర్తింపు

పేరు కనబడినది, సంకేతపదము వ్రాసితిమి, అయినను తిరస్కరింపబడితిమి. ఇక్కడ జరుగునది తెలిసికొనదగినది. సంకేతపదము గాలిలో ఎన్నడును ప్రయాణము చేయదు. ల్యాప్‌టాప్ ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపును, ఫోను మరియొక దానిని పంపును. ఈ సంఖ్యలతో సంకేతపదమును కలిపి ఇరువురును విడివిడిగా లెక్క కట్టుదురు. నాలుగు సందేశములలో ఆ లెక్కల ఫలితములను సరిచూచుకొందురు. ఫలితములు సరిపోయినచో ఇరువురికిని ఒకే రహస్యము తెలియునని రుజువగును. ఒక్క అక్షరము తప్పినను, పెద్దబడి అక్షరమునకు చిన్నబడి అక్షరము వ్రాసినను లెక్క సరిపోదు.

సంకేతపదము సరిగా వ్రాసినను చేరనిచో ఫోను పాత సంకేతపదమును జ్ఞాపకముంచుకొని దానినే వాడుచుండవచ్చును. అప్పుడు ఫోనులో ఆ పేరును మరపించి, క్రొత్తగా చేర్పవలెను. అదియు కానిచో రక్షణ పద్ధతిని చూడవలెను. డబ్ల్యూపీఏ-3 అను క్రొత్త పద్ధతి పాత ఫోనులకు తెలియదు. డబ్ల్యూపీఏ-2 అనునది దాదాపు అన్నింటికిని తెలియును.

మూడవ మెట్టు: చిరునామా

గుర్తింపు ముగిసినను పని పూర్తి కాదు. ఉత్తరము అందవలెనన్న ఇంటికి సంఖ్య ఉండవలెను గదా! అట్లే చేరిన ప్రతి పరికరమునకును ల్యాప్‌టాప్ ఒక సంఖ్యారూపమైన చిరునామాను ఇచ్చును. విండోస్ హాట్‌స్పాటులో ల్యాప్‌టాప్ సాధారణముగా 192.168.137.1 అను చిరునామాను తాను ఉంచుకొని, తక్కిన వారికి చివరి సంఖ్యను మార్చి పంచును.

"చిరునామా పొందుచున్నది" అను మాట వద్ద ఫోను చాలాసేపు నిలిచిపోయినచో లోపము ఈ మెట్టు వద్ద ఉన్నట్లు. చేరబోవునది మరియొక విండోస్ ల్యాప్‌టాప్ అయినచో ఇంకను స్పష్టమైన ఆనవాలు దొరకును. చిరునామా దొరకని యంత్రము తనకు తానే 169.254తో మొదలగు చిరునామాను పెట్టుకొనును. ఆ సంఖ్య కనబడినచో సంకేతపదమును మరల మరల వ్రాయుట వ్యర్థము. పంచిపెట్టు ల్యాప్‌టాప్‌లోని రక్షణ కార్యక్రమము, అనగా ఫైర్‌వాల్, చిరునామా కోరు సందేశమును అడ్డగించుచుండవచ్చును. లేదా ఇంటర్నెట్టును పంచు సేవ ఆగిపోయి ఉండవచ్చును. ల్యాప్‌టాప్‌ను ఆపి మరల ప్రారంభించినచో ఆ సేవయు మరల మొదలగును. ఫైర్‌వాల్‌ను పరీక్షకై క్షణకాలము ఆపినను వెంటనే తిరిగి తెరువవలెను. దానిని శాశ్వతముగా మూయుట తాళము రాలేదని తలుపు ఊడదీయుట వంటిది.

ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపవలసినది ఒకటి కలదు. విండోస్ హాట్‌స్పాటు ఒకేసారి ఎనిమిది పరికరములను మాత్రమే చేర్చుకొనును. తొమ్మిదవ విద్యార్థి పరికరమునకు చోటు దొరకదు. అంతమాత్రమున ఆ పరికరము చెడినదని గాని, ఆ విద్యార్థి పొరపాటు చేసెనని గాని తలచరాదు. తరగతిని గుంపులుగా చేసి, ఒక గుంపు విడిచిన పిమ్మట మరియొక గుంపును చేర్పవలెను.

నాలుగవ మెట్టు: ఆవలి దారి

చేరినట్లు చూపుచు "ఇంటర్నెట్టు లేదు" అన్నచో పై మూడు మెట్లును దాటినట్లే. అప్పుడు ల్యాప్‌టాప్‌లోనే ఇంటర్నెట్టు వచ్చుచున్నదా అని చూడవలెను. చెరువు ఎండియుండగా కాలువను త్రవ్వి ప్రయోజనము లేదు. ల్యాప్‌టాప్‌కు వచ్చుచు ఫోనుకు రానిచో, ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ నడుచుచున్నదేమో చూచి, దానిని ఆపి పరీక్షింపవలెను.

వెదకు పద్ధతి

శ్రీహరికోటలో 2023 అక్టోబరు 21న గగనయాన్ పరీక్షావాహనము టీవీ-డీ1 ప్రయోగము జరుగవలసి ఉండెను. ఎగురుటకు 5 సెకండ్లు ఉన్నదనగా నేలపైని కంప్యూటరు ప్రయోగమును నిలిపివేసినది. శాస్త్రజ్ఞులు పర్యవేక్షణ వ్యవస్థలో కలిగిన తేడాయే కారణమని గుర్తించి, సరిచేసి, ఆ ఉదయమే 10 గంటలకు వాహనమును విజయవంతముగా ఎగురవేసిరి. వాహనమునంతను విప్పి చూడలేదు. క్రమము ఎక్కడ ఆగినదో తెలిసియుండుట వలన ఎక్కడ చూడవలెనో తెలిసినది.

మన బల్లమీది చిన్న సమస్యకును ఇదే పద్ధతి చాలును. మొదట రెండవ ఫోనుతో ప్రయత్నింపవలెను. ఒకటి చేరి మరియొకటి చేరనిచో లోపము చేరనిదానియందు ఉండవచ్చును, లేదా పట్టీ, రక్షణ పద్ధతి దానికి పొసగకపోవచ్చును. ఏదియు చేరనిచో ల్యాప్‌టాప్‌ను అనుమానింపవలెను. పిమ్మట పాత్రలు మార్చి, ఫోనును హాట్‌స్పాటుగా చేసి ల్యాప్‌టాప్‌ను అందులో చేర్చవలెను. చేరినచో దాని రేడియో పనిచేయుచున్నదని, లోపము అమరికలలోనో, రేడియోను నడుపు డ్రైవరు అను కార్యక్రమములోనో ఉన్నదని తెలియును. అన్నింటికంటె ముఖ్యమైన నియమము: ఒక పర్యాయము ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. పట్టీని, సంకేతపదమును, ఫైర్‌వాల్‌ను ఒకేసారి మార్చినచో హాట్‌స్పాటు బాగుపడినను దేనివలన బాగుపడినదో తెలియదు. రేపు మరల అదే చిక్కు వచ్చినప్పుడు మరల మొదటి నుండి తడుముకొనవలసినదే.

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో లోలకపు పొడవును మార్చునపుడు గుండును మార్చము గదా! ఆ నియమమే ఇక్కడను వర్తించును. కనుక తరగతిలో హాట్‌స్పాటు మొండికేసిన దినమున పాఠము పోయినదని విచారింపక, నాలుగు మెట్లను నల్లబల్లపై వ్రాసి, ఏ మెట్టు వద్ద ఆగినదో విద్యార్థులచేతనే కనుగొనజేయుడు. కారణమును వెదకు శాస్త్రపద్ధతి వారికి ఆనాడు స్వయముగా పట్టుబడును.