అంటు కత్తికి ఏ సానరాయి కొనాలి?

ఏడాదిపాటు నీళ్లు పోసి పెంచిన రంగపూర్ నిమ్మ మొక్కలు పెన్సిల్ లావుకు వచ్చాయి. బాగా కాసే బత్తాయి చెట్టు నుంచి మొగ్గ పుల్లలు తెచ్చి అంటు కట్టారు. మూడు వారాలకు పట్టీ విప్పి చూస్తే సగం మొగ్గలు ఎండి నల్లబడి ఉన్నాయి. ఎండ ఎక్కువైందనో, పుల్లలు మంచివి కావనో అనుకుంటాం. అవీ కారణాలే. అయితే ఒక్కసారి మీ కత్తి అంచు కూడా చూడండి.

బెరడుకూ లోపలి పుల్లకూ నడుమ పల్చటి తడి పొర ఉంటుంది. మొక్క, మొగ్గ కలిసి అతుక్కునేది అక్కడే. పదునైన కత్తి ఆ పొరను కోస్తుంది, మొద్దు కత్తి నలిపేస్తుంది. నలిగినచోట అతుకు పడదు సరికదా, కుళ్లు చేరుతుంది. అందుకే అంటు కత్తికి కొడవలి పదును చాలదు. మంగలి కత్తి పదును కావాలి.

సైకిల్ మీద సాన చక్రం తిప్పుకుంటూ వచ్చేవారికి కొడవళ్లు, కత్తిపీటలు ఇవ్వండి, తప్పులేదు. అంటు కత్తిని మాత్రం ఇవ్వకండి. చక్రం మీద నిప్పురవ్వలు లేచేటప్పుడు పల్చటి అంచు వేడెక్కుతుంది. అంచు నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కుకు కమ్మరి పెట్టిన గట్టిదనం పోయినట్టే. ఆ తర్వాత ఎంత నూరినా పదును పూట కూడా నిలవదు.

రాయి కొనేటప్పుడు

ఇనుప సామాన్ల దుకాణంలో రెండు పక్కలూ పనికొచ్చే కార్బోరండం రాయి అడగండి. ఒక పక్క గరుకు, రెండో పక్క నునుపు ఉంటుంది. అట్టపెట్టె మీద నంబర్లు వేసి ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు. 120 గరుకు, 240 లేదా 320 నునుపు ఉన్నది అంచు విరిగిన కత్తిని బాగుచేయడానికి సరిపోతుంది. ఎనిమిది అంగుళాల పొడవు ఉంటే చేయి ఆడుతుంది. చిన్న ముక్క చవకే, కానీ వేళ్లు తెగుతాయి.

కొనే ముందు రాయి మీద స్కేలు నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. నడుమ సందు కనిపిస్తే వద్దు. వేలితో తట్టితే కంగుమనాలి. బొంగురుగా మోగితే లోపల పగులు ఉన్నట్టు. సంతలో చవగ్గా వచ్చిందని నేనూ ఒకసారి మెత్తటి రాయి కొన్నాను. రెండు నెలలకే నడుమ గిన్నెలా పల్లం పడింది. పల్లం పడిన రాయి మీద కత్తి అంచు నిటారుగా రాదు.

కడప బండ మీద నూరేవాళ్లున్నారు. అది సున్నపురాయి, ఉక్కు కన్నా మెత్తన. దాని మీద రుద్దితే మెరుపు వస్తుందేమో గాని ఉక్కు అరగదు. అయితే ఆ బండకు వేరే ఉపయోగం ఉంది.

320 రాయితో అంచు మంగలి కత్తిలా రాదు. అంతకన్నా నునుపు రాళ్లు దొరుకుతాయి గాని ఖరీదెక్కువ. చిన్న రైతుకు నేను చెప్పేది వాటర్ పేపర్. రంగుల దుకాణంలో విడిగా అమ్ముతారు. 1000 ఒకటి, 2000 ఒకటి తెచ్చుకోండి. చదునైన కడప బండనో, అద్దం ముక్కనో తడిపి దాని మీద పరిస్తే అదే మీ నునుపు రాయి. సానరాయికి పల్లం పడినా, అదే బండ మీద గరుకు వాటర్ పేపర్ పరిచి రాయిని రుద్దితే మళ్లీ చదునవుతుంది.

నూరే పద్ధతి

రాయిని నీళ్లలో నానబెట్టండి. నూనె వద్దు. ఒకసారి నూనె పట్టిన రాయికి ఎప్పుడూ నూనే కావాలి, పైగా కత్తికి అంటిన నూనె మొక్క గాయానికి మంచిది కాదు. కత్తికి మొదట ఉన్న వాలునే పట్టుకోవాలి. వాలు తెలియకపోతే దాని మీద స్కెచ్ పెన్ సిరా పూసి రెండుసార్లు నూరండి. సిరా మొత్తం పోతే మీ చేయి సరిగ్గా ఉన్నట్టు. పైనే పోతే కత్తి వెన్నును కాస్త ఎత్తండి, అంచు దగ్గరే పోతే దించండి.

చాలా అంటు కత్తులకు ఒక పక్కే వాలు ఉంటుంది. ఆ పక్కనే నూరాలి. నూరుతుంటే రెండో పక్క అంచున వేలికి గరుకుగా సన్నటి మడత తగులుతుంది. పదును అంచుదాకా చేరిందనడానికి అదే గుర్తు. అప్పుడు చదును పక్కను రాయికి పూర్తిగా ఆనించి రెండు మూడుసార్లు లాగితే మడత పోతుంది. రాయి మీద అంచు ముందుండేలా తోయండి. వాటర్ పేపర్ మీద మాత్రం వెన్ను ముందుండేలా లాగాలి, లేదంటే కాగితం చిరుగుతుంది. చివరగా పాత తోలు బెల్టు మీద కూడా అలాగే వెన్ను ముందుగా ఇరవైసార్లు లాగండి.

అటక మీద తాతల నాటి మంగలి కత్తి ఉంటే అదీ పనికొస్తుంది. దాన్ని 120 పక్క పెట్టకండి. వెన్ను, అంచు రెండూ రాయికి ఆనించే నూరాలి, వెన్ను లేపకూడదు. మొగ్గ తీయడానికి, బెరడు గాటుకు అది బాగుంటుంది. పుల్లలు చెక్కితే మాత్రం పల్చటి అంచు పెచ్చులూడుతుంది.

పదును వచ్చిందో లేదో చూడటానికి బొటనవేలు ఆడించకండి. వార్తాపత్రిక అంచు పట్టుకుని కోయండి. చిరగకుండా తెగితే తోటలోకి వెళ్లవచ్చు. అంటు కట్టేటప్పుడు బెల్టు వెంట ఉంచుకుని, పాతిక మొక్కలకోసారి కత్తి లాగుతుంటే రాయి అవసరం సాయంత్రం దాకా రాదు. పని అయ్యాక నిమ్మజాతి చెట్ల రసం కడిగి, తుడిచి, ఆరబెట్టి దాచండి. ఆ పులుపు ఒక్క రాత్రిలో అంచును తుప్పు పట్టిస్తుంది.