చెప్పి అమ్మిన బండి

మా ఇంట టర్బో ఇంజను గల చిన్న కారు ఒకటి ఉండేది. ఇంకా వేగం కావాలని మా అబ్బాయి దాని ఇంజను కంప్యూటరులో లెక్కలు మార్పించాడు. టర్బో గాలి ఒత్తిడి పెరిగితే బలంతోపాటు వేడి కూడా పెరుగుతుంది. పెట్రోలు అదను తప్పి మండితే పిస్టను దెబ్బతింటుంది. మా బండికి అదే జరిగింది. మెకానిక్ కంప్రెషన్ పరీక్షించగా, నాలుగు సిలిండర్లలో ఒకటి చెడిందని తేలింది.

అమ్మబోతే ఒక దళారి, "చిక్కటి ఆయిలు పోసి, ముందే వేడెక్కించి చూపండి. పొగ, శబ్దం తగ్గుతాయి" అన్నాడు. అప్పుల్లో ఉన్న మాకు ఆ మాట తియ్యగానే తోచింది. కాని కొనవచ్చిన రైతు పంట డబ్బు పట్టుకొని, భార్యాబిడ్డలతో వచ్చాడు. ఆ పిల్లలను చూశాక మా నోట అబద్ధం రాలేదు. మెకానిక్ వ్రాసిన కాగితం ఆయన చేతిలో పెట్టాం. ఆయన కొనలేదు. చివరకు ఒక షెడ్డు యజమాని అంతా తెలిసే తక్కువ ధరకు తీసుకున్నాడు. అప్పు కొంత మిగిలింది.

ప్రియ పాఠకులారా, తెలిసిన లోపాన్ని మోసగించే ఉద్దేశంతో కప్పిపుచ్చడం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మోసమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చనివ్వదు. అమ్మేవారు లోపాలను, మార్పులను వ్రాసి ఇవ్వాలి. 29, 30 ఫారాలతో బండిని కొన్నవారి పేరుకు మార్పించాలి. కొనేవారు ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి చూడాలి.

మొన్న సంతలో ఆ రైతు ఎదురుపడ్డాడు. తల దించుకోకుండా పలకరించగలిగాం.