ఎన్400

ఎన్400 అనేది మాటలను చదివినప్పుడు గాని, విన్నప్పుడు గాని మనిషి మెదడులో పుట్టే ఒక విద్యుత్ స్పందన. మాట ఎదురైన తరువాత సుమారు 400 మిల్లీసెకండ్లకు, అనగా అర సెకను కూడా గడవక ముందే, ఇది తారస్థాయికి చేరుకొంటుంది. పేరులోని 'ఎన్' అనే అక్షరము ఆ స్పందన ఋణాత్మకమని, 400 అనే అంకె దాని కాలాన్ని తెలుపుతాయి. సందర్భానికి అతకని మాట వచ్చినప్పుడు ఈ స్పందన పెద్దదిగాను, ముందుగా ఊహించగలిగిన మాట వచ్చినప్పుడు చిన్నదిగాను ఉంటుంది. భాషను మెదడు ఏ విధంగా అర్థం చేసుకొంటుందో తెలుసుకొనడానికి 1980 నుండి శాస్త్రజ్ఞులు దీనిని ఒక కొలబద్దగా వాడుతున్నారు.

నేపథ్యము

మెదడులోని నాడీకణాలు వేల సంఖ్యలో ఒకేసారి స్పందించినప్పుడు పుట్టే విద్యుత్తు, అతి స్వల్పంగా నెత్తి చర్మం వరకు చేరుతుంది. 1875లో లివర్‌పూల్‌కు చెందిన వైద్యుడు రిచర్డ్ కేటన్ కుందేళ్ళ, కోతుల మెదళ్ళలో ఇటువంటి విద్యుత్తును గమనించాడు. జర్మనీలోని యేనా నగరంలో మానసిక వైద్యుడైన హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారిగా మనిషి మెదడు తరంగాలను నమోదు చేసి, ఆ వివరాలను 1929లో ప్రచురించాడు. తొలుత చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఎడ్రియన్, మాథ్యూస్ అనే శాస్త్రజ్ఞులు ఈ ఫలితాన్ని ధ్రువపరచిన తరువాతనే దీనికి ఆమోదం లభించింది. ఆసుపత్రులలో మూర్ఛ రోగులకు చేసే ఇ.ఇ.జి. పరీక్ష ఈ పద్ధతే.

కొలిచే విధానము

పరీక్షలో పాల్గొనే వ్యక్తి తలకు ఎలక్ట్రోడులు అమర్చిన టోపీ తొడుగుతారు. తెరపై వాక్యాన్ని ఒక్కొక్క మాటగా చూపిస్తారు, లేదా చెవికి వినిపిస్తారు. ఇందులో ఒక చిక్కు ఉన్నది. మెదడు నిరంతరం పని చేస్తూనే ఉంటుంది కనుక, నమోదయ్యే తరంగాలు పదుల మైక్రోవోల్టులలో ఉంటాయి. ఒక మాటకు కలిగే స్పందన కొద్ది మైక్రోవోల్టులు మాత్రమే. సంతలో ఒకరి గుసగుస వినబడనట్లే, అది ఆ హోరులో కలిసిపోతుంది.

అందువలన ఒకే రకానికి చెందిన అనేక మాటలు చూపి, మాట కనబడిన క్షణం నుండి నమోదైన తరంగాలన్నిటికి సగటు కడతారు. మాటతో సంబంధం లేని హెచ్చుతగ్గులు ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. మాటకు సంబంధించిన స్పందన మిగులుతుంది. ఈ హోరు ప్రయత్నాల సంఖ్య యొక్క వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. అనగా 100 సార్లు చూపితే పదవ వంతు అవుతుంది. కనురెప్ప వేసినా, దవడ బిగించినా పెద్ద తరంగాలు వస్తాయి కనుక అటువంటి భాగాలను తొలగించడమో, సవరించడమో చేస్తారు.

కనుగొనిన విధము

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియేగో ప్రాంగణంలో మార్టా కూటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ 1980లో ఎన్400ను గురించి సైన్స్ పత్రికలో ప్రకటించారు. వారు ఏడేసి మాటల ఆంగ్ల వాక్యాలను చదివించారు. కొన్ని వాక్యాలలో చివరి మాట అర్థానికి పొసగదు. అనుకోనిది జరిగినప్పుడు పి300 అనే ధనాత్మక తరంగం వస్తుందని అప్పటికే తెలుసు కనుక ఇక్కడ కూడా అదే వస్తుందని ఎదురుచూశారు. కాని అందుకు విరుద్ధంగా ఋణాత్మక తరంగం కనిపించింది. చివరి మాట అర్థవంతమైనదే అయి, అక్షరాలు మాత్రం పెద్దవిగా ఉన్నప్పుడు ధనాత్మక తరంగమే వచ్చింది. కనుక ఎన్400 కేవలం ఆశ్చర్యానికి గుర్తు కాదని, అర్థంతో ముడిపడినదని తేలింది.

ముఖ్య లక్షణాలు

"అతడు వేడి అన్నంలో నెయ్యి వేసుకొన్నాడు" అనే వాక్యాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. 'నెయ్యి' స్థానంలో 'ఇటుక' అని ఉంటే ఎన్400 పెద్దదిగా ఉండాలి. 'ఆముదం' అని ఉంటే, అదీ పొసగనిదే అయినా, నేతివలె జిడ్డు పదార్థమే కనుక స్పందన కొంత తక్కువగా ఉండాలి. ఆంగ్ల వాక్యాలపై 1999లో ఫెడర్‌మైర్, కూటాస్ ఇటువంటి తేడానే చూపారు. తప్పు లేని వాక్యాలలో కూడా, ఊహకు అందే మాటకంటె అందని మాటకు ఎన్400 ఎక్కువని 1984లోనే తెలిసింది.

ఈ స్పందన చదువుకు మాత్రమే పరిమితం కాదు. విన్న మాటలకు, బధిరుల సంజ్ఞాభాషకు కూడా వస్తుంది. లోకజ్ఞానం కూడా దీనిలో పాలు పంచుకొంటుంది. నెదర్లాండ్స్‌లో రైళ్ళు పసుపు రంగులో ఉంటాయని అక్కడివారికి తెలుసు. 2004లో పీటర్ హాగూర్ట్ బృందం వారికి రైళ్ళు తెల్లనివని, పుల్లనివని చెప్పే వాక్యాలను చూపింది. మొదటిది అబద్ధం, రెండవది అర్థరహితం. అయినను రెంటికీ ఎన్400 దాదాపు ఒకే కాలంలో, ఒకే స్థాయిలో వచ్చింది.

వ్యాకరణము - పి600

వ్యాకరణ దోషాలకు సాధారణంగా పి600 అనే ధనాత్మక తరంగం వస్తుంది. దీనిని 1992లో ఆంగ్లంలో ఓస్టర్‌హౌట్, హోల్‌కోంబ్, 1993లో డచ్చి భాషలో హాగూర్ట్ బృందం వివరించారు. తెలుగులో "సీత బడికి వెళ్ళాడు" అనేది ఈ రకపు దోషము. కర్త, క్రియల పొందిక తప్పిన హిందీ వాక్యాలకు పి600 వస్తుందని 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది.

అయితే అర్థానికి ఎన్400, వ్యాకరణానికి పి600 అనే విభజన అంత సులువు కాదు. ఎలుకలకు భయపడి పారిపోయే పిల్లిని గురించిన డచ్చి వాక్యాలలో దోషం అర్థానిదే అయినను, ఎన్400 పెరగక పి600 కనిపించిందని 2003లో తెలిసింది.

భాష నేర్చుకొనుట

2004లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫ్రెంచి నేర్చుకొంటున్న విద్యార్థులను పరీక్షించారు. సగటున 14 గంటల పాఠాల తరువాత, ఏది నిజమైన ఫ్రెంచి మాటో, ఏది కల్పిత పదమో విద్యార్థులు చెప్పలేకపోయారు. వారి ఎన్400 మాత్రం ఆ రెంటినీ వేరు చేసి చూపింది. నోటితో చెప్పగలగడానికి ముందే మెదడు కొంత నేర్చుకొంటుందని దీని వలన తెలుస్తుంది.

వివాదాలు

ఎన్400 దేనిని సూచిస్తుందనే విషయంలో ఏకాభిప్రాయం లేదు. మాట అర్థాన్ని జ్ఞాపకం నుండి వెలికి తీసే శ్రమ అని కొందరు, ఆ అర్థాన్ని వాక్యంతో కలిపే శ్రమ అని మరికొందరు భావిస్తారు.

రాబోయే మాటను మెదడు ఎంత నిర్దిష్టంగా ఊహిస్తుందనేది మరొక ప్రశ్న. ఆంగ్లంలో నామవాచకానికి ముందు వచ్చే 'ఎ', 'యాన్' అనే రెండింటిలో ఏది ఉండాలో తరువాతి ధ్వనిని బట్టి నిర్ణయమవుతుంది. ఊహించిన నామవాచకానికి సరిపడనిది ఎదురైతే అక్కడే ఎన్400 పెరుగుతుందని 2005లో డిలాంగ్, అర్బాక్, కూటాస్ ప్రకటించారు. 2018లో 9 ప్రయోగశాలలు కలిసి 334 మందిపై ఆ ప్రయోగాన్ని తిరిగి చేశాయి. నామవాచకాల ఫలితం నిలబడింది గాని, దానికి ముందున్న చిన్న మాటల ఫలితం స్పష్టంగా నిలబడలేదు.

ఉపయోగాలు, పరిమితులు

కదలలేని, పలకలేని రోగులకు మాటలు అర్థమవుతున్నాయా అని తెలుసుకొనడానికి ఎన్400ను వాడవచ్చునా అనే దిశలో పరిశోధనలు జరుగుతున్నాయి. కాని ఇక్కడ జాగ్రత్త అవసరం. ఆరోగ్యవంతులలో సైతం విడివిడిగా చూస్తే ప్రతి ఒక్కరిలోను ఈ స్పందన స్పష్టంగా కనబడదు. కనుక ఎన్400 కనబడనంత మాత్రాన రోగికి ఏమీ అర్థం కావటం లేదని నిర్ధారించరాదు.

నెత్తి చర్మంపై కొలిచిన విద్యుత్తును బట్టి అది మెదడులో సరిగా ఎక్కడ పుట్టిందో చెప్పడం కూడా కష్టము. కాలాన్ని మిల్లీసెకండ్లలో చెప్పగలగడం ఈ పద్ధతి బలము. స్థానాన్ని చెప్పలేకపోవడం దీని బలహీనత.

ఎన్400 మనిషి మనసులోని ఆలోచనలను చదవలేదు. నేర పరిశోధనలో వాడిన 'బ్రెయిన్ మ్యాపింగ్' పరీక్ష వేరు. అది ప్రధానంగా పి300పై ఆధారపడినది. వ్యక్తి సమ్మతి లేకుండా అటువంటి పరీక్షలు జరుపరాదని భారత సర్వోన్నత న్యాయస్థానం 2010 మే 5న తీర్పు ఇచ్చింది.