బాకా ముందు నిలిచిన గొంతు

1950ల మొదట్లో అమెరికన్ రచయిత జేమ్స్ బాల్డ్విన్ స్విట్జర్లాండ్‌లోని ఒక కొండ పల్లెకు వెళ్లి మకాం వేశాడు. ఏళ్ల తరబడి పూర్తికాక వేధిస్తున్న తొలి నవల, ఒక టైప్‌రైటర్, బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ రికార్డులు రెండు వెంట తీసుకెళ్లాడు. న్యూయార్క్ హార్లెంలో పుట్టి పెరిగినవాడే అయినా అమెరికాలో ఉన్నన్నాళ్లూ ఆ పాటల జోలికి పోలేదు. మంచు కప్పిన ఆ ఊళ్లో, నల్లజాతి మనిషిని ఎన్నడూ చూడని జనం మధ్య, ఆ రికార్డులే పదే పదే పెట్టుకుని విన్నాడు. చిన్నప్పుడు తను మాట్లాడిన మాట, దాని లయ బెస్సీ పాటల వల్లే మళ్లీ గుర్తొచ్చాయని తర్వాత చెప్పుకున్నాడు. ‘గో టెల్ ఇట్ ఆన్ ద మౌంటెన్’ నవల అక్కడే పూర్తయి 1953లో వెలువడింది.

అప్పటికి బెస్సీ స్మిత్ చనిపోయి సుమారు పదిహేనేళ్లు. ఆమె కనిపించే సినిమా ఒక్కటే, అదీ రెండు రీళ్ల చిన్న చిత్రం. మిగిలినవి 1923 నుంచి 1933 దాకా ఇచ్చిన సుమారు 160 పాటలు. ఒక్కోటీ మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. అన్నీ కలిపి వింటే ఎనిమిది గంటల్లో అయిపోతాయి. పేరుమోసిన ఓ పది పాటలు ఏరుకుని వింటే గొప్ప గాయని అని ఒప్పుకుంటాం. మొదటి నుంచి చివరి దాకా వరసగా వింటే మాత్రం ఒక కళాకారిణి ఎదుగుదల, ఒక యంత్రం ఎదుగుదల, ఒక వ్యాపారం ఆమెను ఎత్తి దింపిన తీరు, మూడూ తెలిసొస్తాయి. ఆమె పాటలను ఒక్కచోట చేర్చిన సంపుటాల అసలు విలువ ఇదే.

బెస్సీ సొంతూరు టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగా. పుట్టింది 1894లో అని వివాహ పత్రం చెబుతుంది. జనాభా లెక్కల్లో 1892 అని ఉంది. పదేళ్లయినా నిండకముందే తల్లీతండ్రీ పోయారు. పెద్దక్క వయొలా ఇంటి భారం నెత్తిన వేసుకుంది. అన్న ఆండ్రూ గిటార్ వాయిస్తుంటే బెస్సీ వీధి మూలల్లో పాడి, ఆడి చిల్లర సంపాదించేది. 1912లో మరో అన్న క్లారెన్స్ పనిచేసే ప్రదర్శన బృందం ఊరికొచ్చినప్పుడు ఆమెకు అందులో చోటు దొరికింది, అదీ నర్తకిగా. పాడటానికి అప్పటికే ‘మా’ రెయినీ ఉంది. బ్లూస్‌కు తల్లి అని పేరుపడ్డ రెయినీ పాటను దగ్గర నుంచి చూస్తూ బెస్సీ తన దారి తాను వెతుక్కుంది.

బ్లూస్ అమెరికా దక్షిణాది నల్లజాతి కూలీల, రైతుల పాట. దాని బాగా వాడుకలో ఉన్న రూపం చాలా సరళం. ఒక చరణానికి పన్నెండు తాళఖండాలు, మూడు పాదాలు. మొదటి పాదం ఒక మాట చెబుతుంది, రెండోది దాన్నే మళ్లీ అంటుంది, మూడోది బదులిస్తుంది. ప్రతి పాదం చివరా కాస్త ఖాళీ ఉంటుంది. వాద్యం అక్కడ జవాబు చెబుతుంది. స్వరాల్లో కొన్ని పియానో మెట్లకు దొరకవు, రెండు మెట్ల నడుమ ఉంటాయి. గొంతు వాటి మీదకు జారి, ఆగి, మళ్లీ దిగుతుంది. చట్రం ఇంత చిన్నది కాబట్టే పాడేవాళ్ల సత్తా వెంటనే బయటపడుతుంది.

ఈ పాటను అమ్ముకోవచ్చని రికార్డు కంపెనీలకు తెలిసింది 1920లో. ఆ ఏడాది ఆగస్టులో మేమీ స్మిత్ అనే గాయని ఓకే కంపెనీకి పాడిన ‘క్రేజీ బ్లూస్’ విపరీతంగా అమ్ముడైంది. నల్లజాతి శ్రోతలు డబ్బులిచ్చి రికార్డులు కొంటారని అర్థమవగానే కంపెనీలు వాళ్ల కోసం విడిగా ‘రేస్ రికార్డుల’ వరసలు మొదలుపెట్టాయి. బెస్సీకి మాత్రం అవకాశం తొందరగా రాలేదు. గొంతు మరీ మొరటుగా ఉందని వెనక్కి పంపినవాళ్లున్నారు. చివరికి కొలంబియా కంపెనీలో ఫ్రాంక్ వాకర్ ఆమెను పిలిపించాడు. 1923 ఫిబ్రవరి 15న న్యూయార్క్ స్టూడియోలో పాడినవేవీ పనికిరాలేదు. మర్నాడు క్లారెన్స్ విలియమ్స్ పియానో వాయించగా ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’ కుదిరింది. ఆల్బర్టా హంటర్, లవీ ఆస్టిన్ కట్టిన ఆ పాట ఆరు నెలల్లో 7,80,000 కాపీలు పోయిందని చెబుతారు.

ఆ రోజుల్లో స్టూడియోలో మైకు లేదు. గాయని ఒక పెద్ద బాకా నోటికి ఎదురుగా నిలబడి పాడాలి. ఆ శబ్దం బాకా చివరనున్న పల్చని పొరను కదిలిస్తే, దానికి అమర్చిన సూది తిరుగుతున్న మైనపు బిళ్ల మీద గాడి గీస్తుంది. కరెంటు ప్రమేయం లేదు. గొంతులోని బలమే గాడి వంపు. డ్రమ్ము గట్టిగా మోగితే సూది గాడి తప్పుతుంది. మంద్ర స్థాయి వాద్యాలు సరిగా పడవు. సన్నని గొంతులు గరగర శబ్దంలో కలిసిపోతాయి. బెస్సీ గొంతు పదేళ్ల పాటు డేరా ప్రదర్శనల్లో, మైకు లేకుండా, చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా వినిపించేలా రాటుదేలింది. స్టూడియోలో ఆ బాకాకు కావలసింది సరిగ్గా అలాంటి గొంతే. తొలి రికార్డుల్లో పియానో ఎక్కడో గోడ అవతల ఉన్నట్టుంటుంది, గొంతు మాత్రం ఎదురుగా ఉంటుంది.

ఆ పద్ధతిలో ఆమె చేసిన వాటిల్లో శిఖరం 1925 జనవరి 14 నాటి ‘సెయింట్ లూయిస్ బ్లూస్’. డబ్ల్యు.సి. హ్యాండీ 1914లో వెలువరించిన ఈ పాట అప్పటికే ఊరూరా తెలుసు. స్టూడియోలో ఉన్నది ముగ్గురే: బెస్సీ, కార్నెట్ అనే ఊదే వాద్యం పట్టుకున్న 23 ఏళ్ల లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, హార్మోనియం ముందు ఫ్రెడ్ లాంగ్‌షా. మన పద్యనాటకాల హార్మోనియానికి ఇది దగ్గరి చుట్టమే. తిత్తుల గాలికి లోపలి రీడ్లు మోగుతాయి. పియానోలో మెట్టు నొక్కిన మరుక్షణం నుంచే ధ్వని సన్నగిల్లుతుంది. హార్మోనియంలో గాలి ఉన్నంతసేపూ స్వరం నిలుస్తుంది. ఆ నిలకడైన శ్రుతి మీద బెస్సీ పాటను బాగా నెమ్మదిగా నడిపింది. ఒక్కో మాట మీద ఆగి, స్వరాన్ని కింద నుంచి పైకి లాగి, ఊపిరి వదిలే చోట కూడా తొందరపడదు. పాదం ముగిసిన ప్రతిచోటా ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ జవాబు చెబుతుంది. ఒకసారి ఆమె వదిలిన స్వరాన్నే అందుకుంటుంది, ఒకసారి ఎదురు తిరుగుతుంది, ఒకసారి ఊరడిస్తుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడిపోరు. ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించిన జవాబులు వదిలేసి బెస్సీని మాత్రమే ఒకసారి, ఆమెను వదిలేసి అతన్ని మాత్రమే ఒకసారి వింటే, మూడు నిమిషాల్లో ఎంత సంభాషణ ఇమిడిందో తెలుస్తుంది.

కొద్ది నెలలకే మైకు వచ్చింది. 1925 మేలో కొలంబియా బెస్సీతో కరెంటు పద్ధతిలో రికార్డు చేసింది. గదిలో ప్రతిధ్వని తగ్గించడానికి ఇంజనీర్లు పైనుంచి డేరా లాంటి గుడ్డ వేలాడదీశారని, పని నడుస్తుండగా అది కూలి అందరి మీదా పడిందని ఆనాటివాళ్లు చెప్పేవారు. ఆ సమయంలో పాడిన ‘కేక్ వాకింగ్ బేబీస్’ 1940 దాకా బయటికి రాలేదు. సంపుటంలో వరసగా వినేవారికి ఈ మార్పు స్పష్టంగా తెలుస్తుంది. ఒక పాట దాకా తలుపు మూసి ఉంటుంది, తర్వాతి పాటకు తలుపు తెరుచుకుంటుంది. వాద్యాల గుండ్రదనం వినిపిస్తుంది, బెస్సీ గొంతులోని గరుకు, తడి వినిపిస్తాయి. ఇక అరవాల్సిన పనిలేదని ఆమెకూ తెలిసింది. తర్వాతి పాటల్లో గొంతు తగ్గించి, మాట చెప్పినట్టు పాడటం ఎక్కువైంది.

1927 ఫిబ్రవరి 17న జేమ్స్ పి. జాన్సన్ పియానోతో పాడిన ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’ ఆ తీరుకు మంచి ఉదాహరణ. ఇది ఆమె సొంత రచన. వరదలో ఇల్లు మునిగి, పడవెక్కి బయటపడిన ఆడమనిషి గోడు. జాన్సన్ ఎడమచేయి నీటి సుడిలా తిరుగుతుంటే బెస్సీ ఏడుపూ పెడబొబ్బా లేకుండా, జరిగింది జరిగినట్టు చెప్పుకుపోతుంది. ఆ వసంతంలో మిసిసిపీ నది కట్టలు తెగి లక్షల మంది నిర్వాసితులయ్యారు. జనం ఈ పాటను ఆ వరద పాటగానే గుండెకు హత్తుకున్నారు. తేదీలు చూస్తే పాట ముందు, పెద్ద గండ్లు తర్వాత. 1926 క్రిస్మస్ రోజుల్లో నాష్‌విల్‌ను ముంచిన కంబర్లండ్ నది వరదే దీనికి మూలమని పరిశోధకులు తేల్చారు. పాటలు తేదీలతో సహా ఒక్కచోట ఉండటం వల్ల ఇలాంటి ముళ్లు విడిపోతాయి.

ఆ ఏళ్లలో అమెరికాలో అందరికంటే ఎక్కువ సంపాదించే నల్లజాతి కళాకారిణి ఆమే. వారానికి 2,000 డాలర్ల దాకా వచ్చిన రోజులున్నాయి. బృందంతో ఊళ్లు తిరగడానికి సొంతంగా రైలు పెట్టె చేయించుకుంది. దక్షిణాదిలో నల్లవాళ్లకు హోటల్లో గది ఇవ్వని రోజులవి. ఆ పెట్టెలోనే పడక, వంట, సామాను అన్నీ. ఇదంతా వేదికల మీద వచ్చిన డబ్బు. రికార్డుల నుంచి వచ్చింది వేరే లెక్క. తొలి ఒప్పందంలో పనికొచ్చిన పాటకు 125 డాలర్లు, అందులో సగం మధ్యవర్తి క్లారెన్స్ విలియమ్స్ జేబులోకి పోయింది. సంగతి తెలిసి బెస్సీ, ఆమెకు కాబోయే భర్త నిలదీసి కొత్త ఒప్పందం రాయించుకున్నారు. తర్వాత రేటు 200 డాలర్ల దాకా పెరిగింది. అయితే ఎన్ని లక్షల కాపీలు పోయినా పాడినందుకు రాయల్టీ అన్నది లేదు.

1929 మే 15న ఆమె ‘నోబడీ నోస్ యు వెన్ యు ఆర్ డౌన్ అండ్ అవుట్’ పాడింది. జిమ్మీ కాక్స్ కొన్నేళ్ల ముందే రాసిన ఈ పాటలో, కలిగిన రోజుల్లో చుట్టూ చేరినవాళ్లు లేని రోజున మొహం చాటేస్తారన్న బాధ ఉంది. అయిదు నెలలకు అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది. రికార్డుల అమ్మకాలు పడిపోయాయి, రేడియో పెరిగింది, మాట్లాడే సినిమాలు వచ్చి వేదికలు మూతపడ్డాయి. 1931లో కొలంబియా ఆమెను వదులుకుంది. 1933 నవంబర్ 24న జాన్ హ్యామండ్ అనే యువ నిర్మాత పిలిచి నాలుగు పాటలు పాడించాడు. పాటకు 37 డాలర్ల 50 సెంట్లు. ఆ నాలుగింట్లో బాధ బరువు లేదు. ‘గిమ్మీ ఎ పిగ్‌ఫుట్’లో స్వింగ్ జాజ్ కాలపు హుషారు నిండుగా ఉంది. సంగీతం ఎటు పోతోందో బెస్సీకి తెలుసనడానికి ఆ ఒక్క పాట చాలు. మూడు రోజులకు అదే హ్యామండ్ మరో గాయని తొలి రికార్డు చేయించాడు. ఆమె పేరు బిల్లీ హాలిడే.

1937 సెప్టెంబర్ 26 తెల్లవారుజామున మిసిసిపీ రాష్ట్రంలో క్లార్క్స్‌డేల్ దగ్గర రూట్ 61 మీద బెస్సీ ప్రయాణిస్తున్న కారు ప్రమాదానికి గురైంది. ఆ ఊళ్లోని నల్లజాతివారి ఆస్పత్రిలో ఆమె కన్నుమూసింది. తెల్లవాళ్ల ఆస్పత్రి చేర్చుకోకపోవడం వల్లే చనిపోయిందన్న వార్తను హ్యామండ్ పత్రికకెక్కించాడు. నాటక రచయిత ఎడ్వర్డ్ ఆల్బీ దాని మీద నాటకమే రాశాడు. ప్రమాద స్థలంలో మొదట సాయపడిన డాక్టరును జీవితచరిత్రకారుడు క్రిస్ ఆల్బర్ట్‌సన్ కలిసి, 1972 నాటి తన పుస్తకంలో అసలు జరిగింది రాశాడు: ఆమెను నేరుగా నల్లజాతివారి ఆస్పత్రికే తీసుకెళ్లారు. వివక్ష ఆ నేల మీద నిజం. ఈ కథ మాత్రం నిజం కాదు. దశాబ్దాల పాటు ఆమె పాటలకన్నా ఆ చావు కథే ఎక్కువగా వినిపించింది.

పాటలు మళ్లీ ముందుకు రావడానికి ఆల్బర్ట్‌సనే కారకుడయ్యాడు. 1951లో కొలంబియా నాలుగు ఎల్పీల ఎంపిక తెచ్చింది గాని, అన్నీ వినే వీలు 1970–72 మధ్య వచ్చిన అయిదు జంట ఎల్పీలతో కలిగింది. హ్యామండ్, ఆల్బర్ట్‌సన్ కలిసి తెచ్చిన ఆ వరసకు ఒక తమాషా అమరిక ఉంది. మొదటి ఆల్బమ్‌లో తొలి పాటలు, తుది పాటలు పక్కపక్కనే పెట్టారు. రెండు కొసల నుంచి మధ్యకు నడుచుకొచ్చారు. గీతలు పడిన పాత డిస్కుల చిటపటలు తగ్గిస్తూ, గొంతు దెబ్బతినకుండా చూడటం అందులో కష్టమైన పని. మొదటి ఆల్బమ్‌కు రాసిన వ్యాసానికి ఆల్బర్ట్‌సన్‌కు గ్రామీ అవార్డు వచ్చింది. 1990ల్లో సీడీల మీద ‘ది కంప్లీట్ రికార్డింగ్స్’ అయిదు సంపుటాలుగా వచ్చింది, ఈసారి తేదీల వరసలోనే. చివరి సంపుటంలో సినిమా శబ్దంతో పాటు, ఆమెతో కలిసి ఊళ్లు తిరిగిన బంధువు రూబీ స్మిత్ ఇంటర్వ్యూలూ చేర్చారు.

1970లోనే మరో బాకీ తీరింది. ఫిలడెల్ఫియాలో అంత్యక్రియలకు వేలమంది వచ్చినా, ఆమె సమాధి మీద 33 ఏళ్లు రాయి లేదు. రాక్ గాయని జానిస్ జాప్లిన్, చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పనిచేసిన జువానిటా గ్రీన్ కలిసి ఖర్చు భరించి శిలాఫలకం వేయించారు.

సంపుటంలోని 160 పాటలూ ఒకే ఎత్తు కాదు. కంపెనీ ఇచ్చిన చప్పటి పాటలున్నాయి, ద్వంద్వార్థాలతో నెట్టుకొచ్చినవి ఉన్నాయి. చప్పటి పాటలో కూడా ఏదో ఒక మాట దగ్గర బెస్సీ ఆగి, దాన్ని తనదిగా చేసుకోవడం వినిపిస్తుంది. కొత్తగా వినేవారు ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’, ‘సెయింట్ లూయిస్ బ్లూస్’, ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’, ‘నోబడీ నోస్ యు’, ‘గిమ్మీ ఎ పిగ్‌ఫుట్’ ఈ వరసలో వింటే, పదేళ్ల ప్రయాణం పావుగంటలో పరిచయమవుతుంది. ఆ తర్వాత మొదటి సంపుటం మొదటి పాట నుంచి మొదలుపెట్టవచ్చు.

వినడానికి వీలు కూడా ఏటా పెరుగుతోంది. 2018లో అమెరికా చేసిన చట్టం ప్రకారం ఆ కాలపు రికార్డులకు వందేళ్లు నిండాక హక్కులు తీరిపోతాయి. అలా 1923 నాటి బెస్సీ రికార్డులు 2024 జనవరి 1న అందరి సొత్తయ్యాయి, 1924వి మరుసటి ఏడాది. ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్‌తో ఉన్న 1925 రికార్డులకు ఆ తేదీ 2026 జనవరి 1, ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’కు 2028 జనవరి 1.